కెనడీ దంపతుల కళాపోషణలో నిలిచిందేమిటి?

పాలకుడికి సంగీతం ఇష్టమైతే విద్వాంసులకు పిలుపు వస్తుంది. ఆయన దిగిపోయిన మరునాటి నుంచి ఆ పిలుపు రాదు. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ, ఆయన భార్య జాక్వెలిన్ వైట్ హౌస్‌లో ఉన్నది మూడేళ్లు కూడా కాదు: 1961 జనవరి 20 నుంచి 1963 నవంబరు 22 వరకు. ఆ కాలంలో వాళ్లు కళల కోసం చేసిన పనుల్లో కొన్ని జ్ఞాపకాలుగా మిగిలాయి, కొన్ని పదేళ్లలో చెరిగిపోయాయి, కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. నడుస్తున్నవన్నీ ఏదో ఒక చట్టానికో, జీతం ఉన్న ఉద్యోగానికో, సొంత ఆదాయం ఉన్న సంస్థకో ముడిపడినవే. విందుల వైభవం గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. అసలు విలువైన పాఠం మాత్రం ఆ కాగితపు పనిలో ఉంది.

పిలుపు: ఖర్చు లేని మొదటి మెట్టు

ప్రమాణ స్వీకారం రోజునే సంకేతం వెలువడింది. 86 ఏళ్ల కవి రాబర్ట్ ఫ్రాస్ట్‌ను వేదిక మీదికి పిలిచారు. మంచు మీద పడి తిరిగివచ్చే ఎండకు కాగితం కనబడక, ఆ సందర్భానికని రాసుకొచ్చిన కవితను ఆయన వదిలేసి, తన పాత కవితను కంఠస్థంగా చెప్పారు. రచయితలు, చిత్రకారులు, పండితులు వంద మందికి పైగా ఆ వేడుకకు ఆహ్వానాలు అందుకున్నారు.

తర్వాత విందుల తీరు మారింది. అధికారిక విందుల్లో అప్పటిదాకా గుర్రపు నాడా ఆకారంలో ఒకే పొడవాటి బల్ల వేసేవారు. హోదా వరసలో కూర్చుంటే కవి పక్కన కవి, సెనేటర్ పక్కన సెనేటర్ వస్తారు, అక్కడికి సంభాషణ అయిపోతుంది. కెనడీల కాలంలో ఎనిమిది, పది మంది పట్టే గుండ్రటి బల్లలు వచ్చాయి. ఒక్కో బల్ల దగ్గర ఒక స్వరకర్తనో నవలాకారుడినో కూర్చోబెట్టే వీలు కలిగింది. చిన్న మార్పే కానీ, కళాకారుడు భోజనం తర్వాత వాయించి వెళ్లిపోయేవాడిగా కాక అతిథిగా కూర్చున్నది దీనివల్లే.

1961 నవంబరు 13న వైట్ హౌస్‌లోని ఈస్ట్ రూమ్‌లో జరిగిన పాబ్లో కసాల్స్ చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద తంత్రీ వాద్యం) కచేరీ ఇందులో అన్నిటికన్నా పేరున్నది. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో ప్రభుత్వాన్ని గుర్తించిన దేశాల్లో వాయించనని కసాల్స్ ఎన్నో ఏళ్లుగా పట్టుదలగా ఉన్నారు. అమెరికా ఆ దేశాల్లో ఒకటి. ఆయన అప్పటికి ప్యూర్టోరికోలో స్థిరపడ్డారు. అందుకే ఆ కచేరీ జరిగిన విందును ప్యూర్టోరికో గవర్నర్ లూయిస్ మునోజ్ మారిన్ గౌరవార్థం ఏర్పాటు చేయడం ఆయన రావడానికి దారి చూపింది. 1904లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఎదుట వాయించిన భవనంలోనే, 84 ఏళ్ల వయసులో, మళ్లీ చెల్లో పట్టారు. కోప్లాండ్, బార్బర్, బెర్న్‌స్టైన్ వంటి సంగీతకారులు ఎదురుగా కూర్చుని విన్నారు. 1962 ఏప్రిల్ 29న 49 మంది నోబెల్ గ్రహీతలకు విందు ఇచ్చారు. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ అణు పరీక్షలకు వ్యతిరేకంగా వైట్ హౌస్ బయట ప్లకార్డు పట్టుకుని తిరిగి, ఆ సాయంత్రం లోపల విందుకు కూర్చున్నారు. ఆయన పేరు అతిథుల జాబితాలోంచి కొట్టేయకపోవడం ఆ విందుకే గౌరవం తెచ్చింది.

కెనడీకి స్వయంగా శాస్త్రీయ సంగీతం మీద పెద్ద ఆసక్తి లేదు. ఆయన చదువరి, చరిత్ర, జీవిత చరిత్రలు ఆయనకు ఇష్టం. సంగీతం, చిత్రకళ, ఫర్నిచర్, భవనాలు జాక్వెలిన్ లోకం. ఈ తేడా పనికి అడ్డు కాలేదు. ఏం చేయాలో ఆమెకు తెలుసు, ఆ పనికి రాజకీయంగా ఎంత బరువుందో ఆయనకు తెలుసు.

మరి కళాకారులకు డబ్బు ఇవ్వకుండా పిలుపులతో ఎందుకు మొదలుపెట్టారు? అందుకు చరిత్ర ఉంది. 1935లో మహా మాంద్యం రోజుల్లో మొదలైన ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు నిరుద్యోగులైన నటులకు, రచయితలకు ప్రభుత్వ జీతాలిచ్చింది. అందులో వామపక్ష ప్రచారం జరుగుతోందన్న ఆరోపణతో 1939లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ దానికి నిధులు ఆపేసింది. ఆ చేదు ఇరవై ఏళ్ల తర్వాతా పోలేదు. కళలకు కేవలం సలహా మండలి ఏర్పాటు చేద్దామన్న బిల్లు కూడా 1961లో ప్రతినిధుల సభలో ఓడిపోయింది. విందుకు పిలవడానికి మాత్రం ఎవరి ఓటూ అక్కర్లేదు.

ఈ పద్ధతిలో లోపమూ అక్కడే ఉంది. ఎవరిని పిలవాలో నిర్ణయించేది ఇంటివారి అభిరుచి. తూర్పు తీరపు శాస్త్రీయ సంగీతానికి, బ్యాలేకు, షేక్‌స్పియర్‌కు వైట్ హౌస్‌లో చోటు త్వరగా దొరికింది. అమెరికా గడ్డ మీదే పుట్టిన జాజ్‌కు అక్కడ పూర్తి స్థాయి కచేరీ దక్కింది 1962 నవంబరులో, పాల్ వింటర్ బృందంతో.

ఇల్లు మ్యూజియం అయిన తీరు

వైట్ హౌస్ పునరుద్ధరణ జాక్వెలిన్ చేసిన పనుల్లో అన్నిటికన్నా లోతైనది. ఆమె వచ్చేనాటికి ఆ భవనంలో పాత వస్తువులు దాదాపు లేవు. పాతబడిన సామాన్లు అమ్మేసి కొత్తవి కొనడం 19వ శతాబ్దమంతా మామూలు సంగతి. 1882లో చెస్టర్ ఆర్థర్ హయాంలో 24 బండ్ల సామాను వేలానికి వెళ్లింది. తర్వాత 1948, 1952 మధ్య ట్రూమన్ కాలంలో భవనం కూలిపోయేలా ఉందని బయటి గోడలు ఉంచి లోపలంతా తొలిచేసి, ఉక్కు చట్రం మీద మళ్లీ కట్టారు. చివరికి వచ్చేసరికి డబ్బు చాలక, న్యూయార్క్‌లోని ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు నుంచి పాత శైలి నకళ్లు తెప్పించి గదులు నింపారు. దేశాధ్యక్షుడి ఇల్లు మంచి హోటల్ లాబీలా తయారైంది.

కొత్త అధ్యక్ష కుటుంబానికి కాంగ్రెస్ ఇచ్చే 50,000 డాలర్లు సొంత నివాసం ఉన్న అంతస్తుకే, అదీ కొద్ది రోజుల్లోనే, అయిపోయాయి. రాజగదుల (అధికారిక వేడుకలకు వాడే గదుల) కోసం పన్నుల డబ్బు అడిగితే ఆడంబరమన్న విమర్శ తప్పదు. అందుకని 1961 ఫిబ్రవరి 23న లలితకళల సంఘం ఏర్పడింది. దాని అధ్యక్షుడిగా డెలావేర్‌లోని వింటర్‌థర్ మ్యూజియం స్థాపకుడు హెన్రీ ఫ్రాన్సిస్ డ్యు పాంట్ వచ్చారు. అమెరికన్ పాత ఫర్నిచర్ విషయంలో ఆ రోజుల్లో ఆయన మాటకు తిరుగులేదు. ఆయన పేరు మీద జరుగుతున్న పనిని సోకు అని ఎవరూ కొట్టిపారేయలేరు. అదే నెలల్లో వింటర్‌థర్‌లో చదువుకున్న లొరెయిన్ పియర్స్‌ను వైట్ హౌస్ తొలి క్యురేటర్‌గా (సేకరణల సంరక్షకురాలిగా) నియమించారు.

పని మొదలైంది దుకాణాల్లో కాదు, సొంత గోదాముల్లో. భవనం నేలమాళిగలు, మేరీల్యాండ్‌లోని ఫోర్ట్ వాషింగ్టన్ గోదాము వెతికారు. 1817లో అధ్యక్షుడు మన్రో ప్యారిస్‌లోని బెల్లాంజే అనే హస్తకళాకారుడి దగ్గర బంగారు పూత పూసిన ఫర్నిచర్ ఒక పెద్ద సెట్టు తెప్పించారు. మన్రో అడిగింది మహాగని చెక్కవి. ఫ్రాన్స్‌లోని ఏజెంట్లు గొప్ప ఇంటికి అది తగదని చెప్పి పూత పూసిన బీచ్ చెక్కవి పంపారు. బుకానన్ హయాంలో 1860లో అవి వేలంలో చెల్లాచెదురయ్యాయి. గోడకు ఆనించి వేసే బల్ల ఒకటి గోదాములో పాడైన స్థితిలో దొరికింది. ఒక కుర్చీ దాత చేతుల మీదుగా 1961లో తిరిగి వచ్చింది. దాన్ని నమూనాగా పెట్టుకుని మిగతావి చేయించగలిగారు. చేతిలో ఒక్క అసలు ముక్క ఉంటే గది మొత్తాన్ని నమ్మకంగా నిలబెట్టవచ్చు. అసలు ముక్క లేకపోతే ఎంత ఖర్చుపెట్టినా అది ఊహే.

దానంగా వచ్చే వస్తువు విషయంలో క్యురేటర్ చూసేది కొన్నే, కానీ ఏ ఒక్కటీ వదలడానికి లేదు. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే పత్రాల గొలుసు ఎక్కడా తెగకూడదు. పాత కొనుగోలు లెక్కల్లో, సామాన్ల పట్టికల్లో దాని ప్రస్తావన ఉండాలి. బయటికి కనిపించే చెక్క కన్నా సొరుగు అడుగున, వెనక పలకకు వాడిన మామూలు చెక్క ఎక్కువ నిజం చెబుతుంది, ఎందుకంటే ఆ చెక్కను పనివాళ్లు తమ ప్రాంతంలో దొరికేదే వాడేవారు. రంపపు గుర్తులు, మేకుల తీరు, అరుగుదల ఎక్కడ ఉందన్నది కూడా చూస్తారు. ఇంత చూసినా తప్పు జరగదని లేదు. దానంగా వచ్చిన ఒక డెస్క్ అసలు పాతదే కాదన్న సంగతి పత్రికలకెక్కి ఇబ్బంది పెట్టింది. అధ్యక్షుడి ఇంటికి ఇస్తే వచ్చే పరువు, పన్ను మినహాయింపు రెండూ దాతను తొందరపెడతాయి. వ్యాపారి ధర పెంచడానికీ అవే కారణమవుతాయి. వస్తువును స్వీకరించేవారికి కాదనే హక్కు ముందే రాతపూర్వకంగా ఉండాలని చెప్పేది ఇందుకే.

అడగడంలో జాక్వెలిన్‌కు ఉన్న వెసులుబాటు అధ్యక్షుడికి లేదు. ప్రచురణకర్త వాల్టర్ అనెన్‌బర్గ్ దగ్గర చిత్రకారుడు డేవిడ్ మార్టిన్ 1767లో గీసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిత్రం ఉంది. అది వైట్ హౌస్‌లో ఉంటే బాగుంటుందని జాక్వెలిన్ అడగగా ఆ దంపతులు 1962లో ఇచ్చేశారు. ఇదే కోరిక అధ్యక్షుడి నోట వస్తే బదులుగా ఏం చేశారన్న ప్రశ్న పుడుతుంది. భార్యకు పదవి లేదు, జీతం లేదు, సంతకం చేసే అధికారం లేదు. అడగడానికి అదే బలం. జవాబుదారీతనం విషయానికొస్తే అదే బలహీనత: ఎవరినడిగారు, ఏం చెప్పి అడిగారు అన్నదానికి ఫైలు ఉండదు.

ఆ లోటును కొంతవరకు పూడ్చింది 1961 సెప్టెంబరులో వచ్చిన 87-286 చట్టం. అందులో మాటలు కొన్నే. భూమి అంతస్తులోని ప్రధాన నడవ, మొదటి అంతస్తులోని రాజగదులు, వాటి మ్యూజియం స్వభావాన్ని కాపాడాలి. చారిత్రక లేదా కళాత్మక విలువ ఉందని అధ్యక్షుడు ప్రకటించిన వస్తువులు ఇక వైట్ హౌస్ ఆస్తి. వాటిని అమ్మడానికి, ఇచ్చేయడానికి వీల్లేదు. వాడకంలో లేనివి జాతీయ మ్యూజియాలు నడిపే స్మిత్సోనియన్ సంస్థకు వెళ్లాలి, అడిగినప్పుడు తిరిగి రావాలి. దాత మనసులో ఉండే పెద్ద భయం దీనితో తీరింది. తానిచ్చిన బల్ల రేపు వచ్చే అధ్యక్షుడి వేలంలో కనబడదని నమ్మకం కుదిరింది. దానాలు నిలకడగా వచ్చాయంటే ఆకర్షణ ఒక్కటే కారణం కాదు, ఈ హామీ కూడా ఉంది.

ఇక డబ్బు. 1961 నవంబరులో వైట్ హౌస్ హిస్టారికల్ అసోసియేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. 1962లో అది వైట్ హౌస్ మార్గదర్శి పుస్తకాన్ని డాలరు ధరకు అమ్మకానికి పెట్టింది. అధ్యక్షుడి ఇంట్లో అమ్మకాలేమిటని సిబ్బందిలో గొణుగుడు వినబడింది. పుస్తకం మీద వచ్చిన సొమ్ము మాత్రం నేరుగా కొనుగోళ్లకు, సంరక్షణకు వెళ్లింది. ఏటా లక్షల మంది చూడటానికి వచ్చే చోట చౌకగా అమ్మే ఒక పుస్తకం, దాతల ఔదార్యం కన్నా నమ్మదగిన ఆదాయం. ఆ సంస్థ నేటికీ ఉంది. 1962 ఫిబ్రవరి 14న సీబీఎస్ విలేఖరి చార్లెస్ కాలింగ్‌వుడ్ వెంట రాగా జాక్వెలిన్ గదులన్నీ చూపించిన టీవీ కార్యక్రమాన్ని ఐదు కోట్ల మందికి పైగా చూశారు. ప్రతి వస్తువు దగ్గరా అది ఇచ్చినవారి పేరు చెప్పడం ఆమె మర్చిపోలేదు. తర్వాతి దాతలకు అంతకు మించిన ఆహ్వానం ఏముంటుంది?

లోపల మాత్రం అంతా సాఫీగా లేదు. ప్యారిస్‌లోని మేజాన్ జాన్సెన్ అలంకరణ సంస్థకు చెందిన స్టెఫాన్ బూదాన్ సలహా జాక్వెలిన్‌కు ఎక్కువ నచ్చేది. డ్యు పాంట్‌కు చారిత్రక ఖచ్చితత్వం ముఖ్యం, బూదాన్‌కు గది కంటికి ఎలా ఉందన్నది ముఖ్యం. అమెరికా అధ్యక్షుడి ఇంటిని ఫ్రెంచివాడు అలంకరిస్తున్నాడన్న మాట బయటికి రాకుండా డ్యు పాంట్ పేరే ముందు నిలిపారు. బ్లూ రూమ్ గోడలకు బూదాన్ లేత మీగడ రంగు చారల పట్టు వేయించారు. పేరులో నీలం ఉండి గోడ మీద లేదేమిటని విమర్శలొచ్చాయి. ఈ అలంకరణలో చాలా భాగం పదేళ్లు తిరగకుండా, నిక్సన్ హయాంలో క్యురేటర్ క్లెమెంట్ కాంగర్ మార్చేశారు. గోడల పట్టు పోయింది, తెరలు పోయాయి. సేకరించిన వస్తువులు, వాటి జాబితా, క్యురేటర్ కుర్చీ మాత్రం అలాగే ఉన్నాయి. అభిరుచికీ వ్యవస్థకీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా మరో చోట కనబడదు.

మోనాలిసా ప్రయాణం

1962 మే 11న ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రోకు వైట్ హౌస్‌లో విందు ఇచ్చారు. మోనాలిసాను అమెరికాకు పంపాలన్న ఆలోచన ఆయనకూ జాక్వెలిన్‌కూ మధ్య కుదిరింది. ఆ చిత్రం ఉండే ప్యారిస్ లూవ్ర్ మ్యూజియం నిపుణులు వద్దని మొత్తుకున్నారు, అందులో న్యాయముంది. ఆ చిత్రం గుడ్డ మీద కాదు, పాప్లర్ చెక్క పలక మీద ఉంది. పై భాగంలో పాత చీలిక కూడా ఉంది. గాలిలో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఎండి గట్టిపడిన రంగు పొర దానితో పాటు సాగలేదు, పెచ్చులుగా లేస్తుంది. అందుకే ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉండే పెట్టె చేయించి, ఎస్.ఎస్. ఫ్రాన్స్ ఓడలో కాపలాతో పంపారు. 1962 డిసెంబరులో అది న్యూయార్క్ చేరింది.

దాన్ని మ్యూజియానికి కాకుండా అధ్యక్షుడికీ అమెరికా ప్రజలకూ ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చిన అరువుగా రాసుకున్నారు. రెండు ప్రభుత్వాల మాట మీద నడిచిన వ్యవహారం అన్నమాట. 1963 జనవరి 8న వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఆవిష్కరణ సాయంత్రం మైకులు మొరాయించాయి, ప్రసంగాలు జనం రొదలో కలిసిపోయాయి. వేల మందిని పిలిచి, ధ్వని ఏర్పాట్లు అంత జనంతో సరిచూసుకోకపోతే జరిగేది అదే. ప్రదర్శన మాత్రం అంచనాలు దాటింది: వాషింగ్టన్‌లో 5 లక్షల మందికి పైగా, తర్వాత న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 10 లక్షల మందికి పైగా చూశారు. ఒక్కొక్కరికీ చిత్రం ముందు దొరికింది కొద్ది క్షణాలే.

దౌత్యపరంగా దక్కిందేమిటి? చిత్రం వాషింగ్టన్‌లో ఉండగానే, జనవరి 14న, అధ్యక్షుడు డిగాల్ ప్యారిస్‌లో విలేఖరుల సమావేశం పెట్టి, ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో బ్రిటన్ చేరికను అడ్డుకున్నారు, అమెరికా ఇవ్వజూపిన పొలారిస్ క్షిపణుల ఏర్పాటునూ తోసిపుచ్చారు. కళ ప్రజల మధ్య ఆప్యాయత పెంచుతుంది. ప్రభుత్వాల లెక్కలు మార్చగలదని దాని మీద ఆశ పెట్టుకోవడం కళకే అన్యాయం.

చట్టసభ దాకా

విధానం వైపు పని నెమ్మదిగా, పెద్ద హడావుడి లేకుండా సాగింది. 1962 తొలి నెలల్లో ఆగస్ట్ హెక్షర్ కళల మీద అధ్యక్షుడికి ప్రత్యేక సలహాదారుగా వచ్చారు. ఆ హోదా అంతకు ముందు లేదు. 1963 మేలో ఆయన ఇచ్చిన నివేదిక కొత్త పథకాల కన్నా ముందు ప్రభుత్వం అప్పటికే చేస్తున్న పనులను చూసింది: పన్నులు, ప్రభుత్వ భవనాల రూపకల్పన, నగరాల ప్రణాళిక కళల మీద ఎలాంటి ప్రభావం చూపుతున్నాయన్నది. ఇది తెలివైన మొదలు. కళాకారుడికి గ్రాంటు ఇచ్చే శాఖ లేనప్పుడూ ప్రభుత్వం రోజూ కళలను ప్రభావితం చేస్తూనే ఉంటుంది. అదే ఏడాది జూన్ 12న కెనడీ కార్యనిర్వాహక ఉత్తర్వుతో సలహా మండలి ఏర్పాటు చేశారు. సభ్యుల నియామకం పూర్తికాకముందే హత్యకు గురయ్యారు.

అక్టోబరు 26న ఆమ్హర్స్ట్ కళాశాలలో, ఆ ఏడాదే మరణించిన ఫ్రాస్ట్ స్మృతిలో చేసిన ప్రసంగంలో, అధికారం మనిషిని అహంకారం వైపు నడిపించినప్పుడు కవిత్వం అతని పరిమితులను గుర్తుచేస్తుందని కెనడీ అన్నారు. కళ ప్రచారం కాదు, సత్యానికి ఒక రూపం అన్నారు. ఫెడరల్ థియేటర్ నాటి భయానికి ఇది సూటి జవాబు. ఓట్లు కూడగట్టే పని మాత్రం కెనడీ తర్వాత అధ్యక్షుడైన జాన్సన్ మీద పడింది. 1965 సెప్టెంబరు 29న ఆయన సంతకంతో కళలకు జాతీయ నిధి సంస్థ ఏర్పడింది. అమెరికన్ బ్యాలే థియేటర్‌కు లక్ష డాలర్లు దాని తొలి గ్రాంటు.

వాషింగ్టన్‌లోని కెనడీ సెంటర్ కథ దీనికి తోడు. కెనడీకి ముందు అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ 1958లో సంతకం చేసిన చట్టం పోటోమాక్ నది ఒడ్డున స్థలమిచ్చింది, డబ్బు ఇవ్వలేదు. విరాళాలతో కట్టుకోమంది, గడువూ పెట్టింది. 1962 నవంబరు 29న బెర్న్‌స్టైన్ వ్యాఖ్యాతగా దేశమంతా థియేటర్లలో ప్రసారమైన నిధుల సేకరణ కార్యక్రమంలో తర్వాత పేరున్న విద్వాంసుడైన యో-యో మా ఏడేళ్ల వయసులో చెల్లో వాయించాడు. కెనడీ బతికుండగా అనుకున్నంత సొమ్ము పోగవలేదు. ఆయన పోయాక, 1964 జనవరిలో, కాంగ్రెస్ దానికి ఆయన పేరు పెట్టి, విరాళాలకు సమానంగా ఫెడరల్ నిధులు మంజూరు చేసింది. 1971 సెప్టెంబరులో తలుపులు తెరుచుకున్నాయి. ధర్మకర్తల్లో ఎక్కువ మందిని అధ్యక్షుడే నియమిస్తారన్న నిబంధన అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ పలువురు ధర్మకర్తలను మార్చి తానే బోర్డు చైర్మన్ అయినప్పుడు ఆ నిబంధన బరువెంతో తెలిసింది.

వైట్ హౌస్ విషయంలోనూ ఇలాంటి సందులు ఉన్నాయి. జాన్సన్ 1964 మార్చి 7న జారీ చేసిన 11145 నంబరు ఉత్తర్వు క్యురేటర్ పదవిని శాశ్వతం చేసి, పరిరక్షణ సంఘాన్ని ఏర్పాటు చేసింది. స్మిత్సోనియన్ కార్యదర్శి, నేషనల్ గ్యాలరీ డైరెక్టరు సహా ఆరుగురు పదవి రీత్యా సభ్యులు, మరో ఏడుగురిని అధ్యక్షుడు ఎంచుకుంటారు. ఆ సంఘం సలహా ఇస్తుంది, ఆపలేదు. 1961 చట్టం రాజగదులకు, జాబితాలోని వస్తువులకు రక్షణ ఇస్తూనే, అధ్యక్షుడి కార్యాలయ నిర్వహణకు, ఆ భవనాన్ని ఆయన ఇల్లుగా, అధికారిక పనులకు వాడుకోవడానికి అది అడ్డు రాకూడదని కూడా చెప్పింది. దేశంలోని చారిత్రక కట్టడాలకు వర్తించే 1966 పరిరక్షణ చట్టం వైట్ హౌస్‌ను, కాపిటల్‌ను, సుప్రీంకోర్టు భవనాన్ని పేరుపెట్టి మరీ మినహాయించింది. 2025 అక్టోబరులో కూల్చేసిన ఈస్ట్ వింగ్ (వైట్ హౌస్ తూర్పు రెక్క) ఆ రాజగదుల్లో భాగం కాదు. జాబితాకెక్కిన కుర్చీని అమ్మడానికి వీల్లేదు గానీ, ఆ భవనపు రెక్కను పడగొట్టడానికి 1961 నాటి చట్టంలో అడ్డు ఏమీ లేదు.